వసుంధర మేడం ఎడారి ఉడత

ఆదివారం మధ్యాహ్నం, పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్‌లో వట్టి నేల మీద నడుం వాల్చాను. చల్లటి పలకలు వీపుకు తగలగానే వసుంధర మేడం గుర్తొచ్చింది. రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో నా మొదటి టీమ్ లీడర్. అనంతపురం మనిషి.

కంప్యూటర్ ఉద్యోగాలు జోరందుకుని, మనవాళ్లు విమానాల నిండా ఈ ద్వీపదేశంలో దిగుతున్న రోజులవి. ఆవిడ బల్ల పక్కన గోడ మీద ఒక బొమ్మ ఉండేది. తోకను నెత్తిమీదికి గొడుగులా ఎత్తి, ఇసుకలో నిలబడ్డ ఉడత. వారధి కట్టడానికి రాముడికి సాయం చేసిన ఉడతే అనుకున్నాను. మేము ఒళ్లు దాచుకోకూడదని పెట్టి ఉంటుందని, తిండీ నిద్రా మాని పనిచేశాను. ఒక మధ్యాహ్నం స్క్రీన్ మీద అక్షరాలు అలుక్కుపోయాయి. ఏడుస్తూ ఆవిడ దగ్గరికెళ్లి, "నా వల్ల కాదండీ, మానేసి కాకినాడ వెళ్లిపోతాను" అన్నాను. ఆ ఉద్యోగమంటే నాకు ప్రాణం. అయినా అనేశాను.

ఆవిడ బొమ్మ చూపించింది. "ఇదేందో తెలుసా పాపా?"

"రాముడి ఉడత కదండీ."

పకపకా నవ్వింది. "యాడి రాముడు! ఇది ఎడారిది. ఎండకు వీపు పెట్టి, తోక నీడలో గింజలేరుకుంటాది. ఒళ్లు కాలితే బొరియలోకి ఉరికి, సల్లటి మన్నుకు పొట్ట ఆనించి పడుకుంటాది. సల్లబడినాక మళ్లా బయటికొస్తాది. దినమంతా ఇదే పని. నువ్వేమో ఒక్కసారన్నా బొరియకు పోకుండానే ఎడారి ఇడిసిపెడతానంటాండావు."

కాగితాలు దాచే చిన్న గదిలోకి తీసుకెళ్లి, తన శాలువా నేల మీద పరిచింది. "పండుకో. లేసినాక గూడా పోవాలనిపిస్తే నేనే పంపిస్తా."

సిగ్గుతో చచ్చిపోయాను. ఆఫీసులో నేల మీద పడుకోవడమేమిటి! కానీ తల ఆనగానే నిద్ర ముంచుకొచ్చింది. లేచి తలుపు తీస్తే, ఆవిడ నా కుర్చీలో కూర్చుని నా ఫోన్‌లో మాట్లాడుతోంది. అవతల క్లయింటు వేస్తున్న కేకలు నాదాకా వినబడుతున్నాయి. ఆవిడ మాత్రం తాపీగా సర్దిచెప్పి ఫోన్ పెట్టేసింది.

"ఏం, పోతావా?"

"కాఫీ తాగొచ్చి కూర్చుంటానండీ" అన్నాను. అమ్మ తర్వాత నాకు అంత నీడ పట్టిన మనిషి ఇంకొకరు లేరు.

ఇప్పుడు నాకూ ఒక టీమ్ ఉంది. మొన్న అందులో ఇక్కడే హౌగాంగ్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్ల ఒకతె కళ్లు తుడుచుకుంటూ వచ్చి, "ఆంటీ, ఐ కెనాట్ లా" అంది, నా వల్ల కాదని ఇక్కడి యాసలో. చిన్న గది వైపు చూపించి, నా శాలువా చేతిలో పెట్టాను. తలుపు మూసుకుంది. వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాను. ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.