తాబేలుకు పెట్టిన లడ్డూలు

ఒక్కచోట కుదురుగా కూర్చోలేనని ఇప్పటికీ నన్ను ఇంట్లో తిడతారు. నా చిన్నప్పుడైతే మరీ ఘోరం. అప్పుడు మేము నాచారంలో ఉండేవాళ్ళం. నాన్నకు అక్కడే ఫ్యాక్టరీలో పని. ఇంటి వెనక దొడ్లో ఒక తాబేలు ఉండేది. ఎవరో ఊరు మారుతూ మా నానమ్మకు అప్పగించి పోయారు. అలా పెంచకూడదని ఆ రోజుల్లో మాకు తెలియదు. మా నానమ్మకు అది సాక్షాత్తూ కూర్మావతారం. శనివారం శనివారం చిప్పకు పసుపు రాసి బొట్టు పెట్టేది.

ఆ ఏడు శివరాత్రికి నానమ్మ కీసర గుట్టకు పోయి బోలెడు లడ్డూలు తెచ్చింది. వాటి పచ్చకర్పూరం వాసనకే నాకు కడుపులో తిప్పేది. ప్రసాదం వద్దంటే వీపు విమానం మోత మోగుతుంది. అందుకని నా వాటా లడ్డూ రోజూ దొడ్లోకి తీసుకుపోయి తాబేలు ముందు పెట్టేదాన్ని. ఒక్క పలుకు మిగల్చకుండా తినేది. మొత్తం తిన్నావా అని నానమ్మ అడిగితే బుద్ధిగా తలూపేదాన్ని.

నాలుగో రోజు తాబేలు తల బయట పెట్టలేదు. దాని కిందంతా నీళ్ళ విరేచనం, ఒకటే పుల్లటి కంపు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. బడికి పోనంటే పోనన్నాను. దొడ్లోకీ వాకిట్లోకీ కాలుగాలిన పిల్లిలా తిరిగాను. అది చచ్చిపోతే చంపింది నేనే. నోరు తెరిచి చెబితే నానమ్మ నన్ను చంపుతుంది.

మా వీధి చివర ఒక తాత ఉండేవాడు. పశువుల దవాఖానాలో చాలా ఏళ్ళు కాంపౌండరుగా చేసినవాడు. నాన్న ఆయన్ని పిలుచుకొచ్చాడు. తాత ఆ విరేచనాన్ని పుల్లతో కదిపి వాసన చూశాడు. తాబేలు వెనక కాలి సందులో వేలితో మెల్లగా నొక్కి, పొట్ట ఉబ్బిందన్నాడు.

"ఏం పెట్టిన్రు దీనికి?"

"ఆకులే. ఇంకేం పెడ్తం?" అంది నానమ్మ. నాన్న కూడా అదే మాట. నేను గోళ్ళు కొరుక్కుంటూ జామచెట్టు చుట్టూ తిరుగుతున్నాను.

తాత సంచిలోంచి రెండు సీసాలు తీసి గట్టు మీద పెట్టాడు.

"గిది ఆకులు అరగకుంటే పోసే మందు. గిది తీపి పడకుంటే పోసే మందు. ఒకదానికి ఒకటి పోస్తే పాణం పోతది. జర ఆలోచించి చెప్పున్రి" అని తీరిగ్గా బీడీ ముట్టించాడు.

ఆ బీడీ ఎంతకీ తరగదే! చివరికి నానమ్మ ఆకుల మందు సీసా అందుకుంది.

"అది గాదు నానమ్మా! నా లడ్డూలు దానికే పెట్టిన!" అని అరిచి బావురుమన్నాను. దెబ్బ పడుతుందని కళ్ళు గట్టిగా మూసుకున్నాను. దెబ్బ పడలేదు. నానమ్మ గొంతు వినబడింది, చాలా చిన్నగా.

"నేను గూడ పెట్టిన. పొద్దున పాయసం, మాపటికి లడ్డు. దేవుని ప్రసాదం తింటే దేవునికే రోగమొస్తదా అనుకున్న."

అప్పుడు నాన్న కూడా బయటపడ్డాడు. ఆయన రోజూ డ్యూటీ నుంచి రాగానే చాయ్‌లో ముంచిన బన్ను ముక్క పెడుతున్నాడట!

తాత పడీపడీ నవ్వాడు. సీసాల మూతలు తీసి రెండింటినీ గటగటా తాగేశాడు. రెండూ మంచినీళ్ళే.

"దానికి నోరుంటే నన్ను పిలిచే పనే లేకుండె. నోరున్న మీరేమో చెప్పరాయె" అన్నాడు.

గరిక, మందారాకులు తప్ప ఇంకేమీ పెట్టొద్దన్నాడు. రోజూ తల మునగకుండా గోరువెచ్చని నీళ్ళ బేసిన్‌లో ఉంచి, తర్వాత ఎండలో వదలమన్నాడు. బేసిన్ దగ్గర కాపలా నాకే అప్పగించాడు. కదలకుండా కూర్చోవడమంటే నాకు జైలే. అయినా కూర్చున్నాను. తొమ్మిదో రోజున అది తల బయటపెట్టి గరిక కొరికింది. నానమ్మ, నేను ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం.

ఇప్పుడు చిల్కానగర్‌లో ఉంటున్నాం. మొన్న మనవడికి వాంతులు పట్టుకుంటే కోడలితో కలిసి డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఏం పెట్టారని ఆమె అడిగింది. "ఇంటి తిండే మేడం, బయటిది ముట్టనియ్యం" అంటోంది కోడలు. నాకు కుర్చీలో కుదురు లేదు. గట్టు మీది రెండు సీసాలే కళ్ళ ముందు. లేచి నిలబడి, "నేనే పెట్టిన డాక్టరమ్మా, ఉప్పల్ బండి మీది జిలేబీ, ఎవ్వరికీ తెల్వకుండ" అన్నాను. కోడలు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. పిల్లవాడు మాత్రం తేరుకున్నాడు.