తెగిన చెవికి జుంకా

"నీ బొమ్మల్లో ఆడవాళ్ళంతా ఒకే తల్లి కడుపున పుట్టారా ఏమయ్యా?" అన్నాడు మా ఎడిటరు, పంజాగుట్ట ఆఫీసులో అందరూ వింటుండగా. నేను ఒక వారపత్రికలో కథలకు బొమ్మలు వేసేవాణ్ణి. ఒళ్ళు మండిపోయింది. ఆ సన్నముక్కు, ఆ పెద్దకళ్ళు, ఆ జుంకాలు ఆరేళ్ళపాటు నాచేత గీయించింది ఎవరు? ఆయనే. తీరా రూముకొచ్చి వేరే ముఖం గీద్దామని కూర్చుంటే కాగితం మీదికి మళ్ళీ ఆ జుంకాలావిడే వచ్చింది. పది కాగితాలు చింపాను. పదింటిలోనూ ఆవిడే.

యూసుఫ్‌గూడ రూములో నాతో ఉండే ముగ్గురూ జావా నేర్చుకుంటున్నారు. "ఎన్నాళ్ళురా ఈ బొమ్మలు? నువ్వూ చేరిపో, మూడు నెలల కోర్సేగా" అని రోజూ ఒకటే పోరు. వాళ్ళ మీద కోపంతోనే పట్టు పట్టాను. రోజూ పొద్దున ఆఫీసుకు వెళ్ళేలోపు ఎదురుగా ఉన్న మనిషిని చూసి ఒక బొమ్మ గీయాలి. పెన్నుతో గీయాలి, చెరపడాలు లేవు. కాగితాలకు కొదవేముంది? అమీర్‌పేటలో మైత్రీవనం ముందు పది అడుగులు వేస్తే నాలుగు కోర్సుల కరపత్రాలు చేతిలో కుక్కుతారు. వాటి వెనకవైపు తెల్లగానే ఉంటుంది.

మైత్రీవనం వెనక సందులో ఒకావిడ ఇడ్లీ బండి నడిపేది. నలభై దాటి ఉంటాయి. రోజూ అక్కడే తినేవాణ్ణి కాబట్టి ఆవిడనే గీయడం మొదలుపెట్టాను. రెండు వారాలయ్యాక, బాగా కుదిరిందనుకుని గొప్పగా చూపించాను.

ఆవిడ చెయ్యి తుడుచుకుని చూసి పకపకా నవ్వింది.

"గీమె ఎవలు తమ్మీ? మస్తుగున్నది."

"నువ్వే అక్కా."

"నేనా? జర మంచిగ చూడు. గీ చెవుకు కమ్మ ఎట్ల వెట్టినవ్? అది తెగి పదేండ్లాయె."

చూశాను. ఎడమచెవి తమ్మె నిలువునా చీలి ఉంది. దానికి నేను జుంకా తగిలించాను. రెండు వారాలు ఎదురుగా నిలబడి ఇడ్లీలు మింగానే తప్ప మనిషిని చూడలేదన్నమాట. నా మీద నాకే అసహ్యం వేసింది. ఆ రోజు ఆఫీసులో ఎవరు పలకరించినా కసురుకున్నాను.

తరవాత నెలరోజులు మొండిగా ఆ చెవినే గీశాను. చెవి కుదిరాక దవడ కుదిరింది. దవడ వెంట ముఖమంతా వచ్చింది, అలసట, వెటకారం అన్నీ. ఆ వారమే ఒక కథకు ఆ ముఖమే వేసిచ్చాను. ఎడిటరు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఇన్నాళ్ళకు మనిషిని గీశావయ్యా" అన్నాడు. సంతోషం పట్టలేక మర్నాడు పొద్దున్నే కరపత్రం వెనక వేసిన బొమ్మ తీసుకెళ్ళి ఆవిడకు చూపించాను.

ఈసారి ఆవిడ నవ్వలేదు. కొంగు చెవి మీదికి లాక్కుంది.

"మా ఇంటాయన కమ్మ వట్టి గుంజితే తెగింది తమ్మీ. గిది ఎవ్వలకు సూపెట్టకు."

"చూపించను" అన్నాను.

అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా ఆ మొగుణ్ణి తిట్టుకుంటూ నడిచాను. వాడికంటే ఎక్కువ నన్ను తిట్టుకున్నాను. ఒక్క మాట అడగాలని ఎందుకు తోచలేదు? ఆవిడ ముఖం నా సొత్తనుకున్నానా? ఆఫీసులో ఎడిటరు బల్ల మీద, ప్రెస్సుకు వెళ్ళాల్సిన కవరులో నా బొమ్మ ఉంది. తీసి నాలుగు ముక్కలు చేశాను.

"పిచ్చెక్కిందా నీకు? సాయంత్రానికి పేజీ వెళ్ళాలి!" అని అరిచాడు.

"వెళ్తుంది!" అని అంతకంటే గట్టిగా అరిచి, అక్కడే నిలబడి పది నిమిషాల్లో ఇంకోటి గీసిచ్చాను. సన్నముక్కు, పెద్దకళ్ళు, రెండు చెవులకూ జుంకాలు.

ఆయన దాన్ని చూసి పెదవి విరిచాడు. "మళ్ళీ మొదటికొచ్చావు."

రాలేదని చెప్పాలంటే ఆవిడ సంగతి చెప్పాలి. వెళ్ళి నా కుర్చీలో కూర్చున్నాను.