కుదుపు లేని బండి

నేను చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా ఆస్పత్రిలో వార్డుబాయిగా ముప్ఫై ఒక్క ఏళ్ళు స్ట్రెచర్ తోశాను. ఒక్క సెలైను సీసా పడగొట్టలేదు. పెద్ద డాక్టరుగారు కొత్తగా చేరినవాళ్ళందరినీ ముందు నా దగ్గరికే పంపేవారు. గొప్పలు పోతున్నాననుకుంటారేమో, ఉన్నమాటే చెబుతున్నాను.

మొదటి రోజు మాత్రం తప్పు చేశాను. తలుపు ఎదురొచ్చిందని బండిని టక్కున ఆపేశాను. బండి ఆగింది గానీ దానిమీద పడుకున్న పెద్దాయన ఒళ్ళు ఆగలేదు. ముందుకు జారి, కుట్లు లాగేసి, కేక పెట్టాడు. ఆ కేక ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది. కదలకుండా ఉన్న ఒళ్ళు అలాగే ఉండాలనుకుంటుంది, కదులుతున్నది కదులుతూనే పోవాలనుకుంటుంది. దాన్ని ఉన్నపళంగా మార్చబోతే నొప్పి. బతిమాలి మార్చుకోవాలి. ఖాళీ బండి మీద అంచుదాకా నీళ్ళు నింపిన గ్లాసు పెట్టుకుని నెల రోజులు వరండాలో సాధన చేశాను. చుక్క ఒలకకుండా తోసిన రోజు నర్సమ్మలు చప్పట్లు కొట్టారు.

రిటైరైన తొమ్మిదేళ్ళకు, మొన్న, మా ఆవిడ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అదే ఆస్పత్రిలో చేర్చాను. ఎక్స్‌రేకు తీసుకెళ్ళడానికి వచ్చిన కొత్త వార్డుబాయి బండిని ఒక్క ఊపున లాగాడు. "అమ్మా!" అంది ఆవిడ. నా ప్రాణం గిలగిల్లాడింది.

"ఆగు నాయనా, నేను తోస్తాను."

"బాగుంది తాతా! నిన్ను తొయ్యడానికే ఓ మనిషి కావాలి."

"తొయ్యనీ బాబూ," అంది మా ఆవిడ పంటి బిగువున. "ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళందరినీ తోశారు. ఇన్నాళ్ళకి నా వంతొచ్చింది."

నా బరువు కొంచెం కొంచెంగా పిడి మీద వేశాను. చక్రాలు కదిలాయి. ఆవిడ కళ్ళు మూసుకుంది. నడవా చివర వాలు దగ్గర బండి తనంతట తానే పరుగందుకోబోయింది. వెనక్కి వాలి పట్టుకున్నాను గానీ ఒక్కడి వల్ల కాలేదు. ఇదివరకు ఎవరి సాయమూ అడిగి ఎరగను.

"ఓ చెయ్యెయ్యి నాయనా," అన్నాను. "లాగకు. ఊరికే పట్టుకో."

అతను పక్కకొచ్చి పిడి పట్టుకున్నాడు. ఇద్దరం అడుగులో అడుగు వేసుకుంటూ దిగాం.

"ఇంకా ఎంత దూరమండీ?" అని అడిగింది మా ఆవిడ, కళ్ళు తెరవకుండానే.

ఎక్స్‌రే గది తలుపు ముందు మేం ఆగి అప్పటికే నిమిషమైంది.