దుర్గాదేవి పిట్టల మెస్సు

గిద్దలూరు బస్టాండు వెనకాల దుర్గాదేవి మెస్సు నడిపినన్నాళ్లూ, ఆమెకు భయపడి డ్రైవర్లు చారు కూడా చప్పుడు రాకుండా జుర్రుకునేవాళ్లు. మోకాళ్లు మొరాయించి మెస్సు మూసేసింది గానీ, పెట్టే చెయ్యి ఊరుకోలేదు. పెరట్లో వేపచెట్టు నీడన మట్టి మూకుళ్లలో కొర్రలు, నూకలు, నీళ్లు పెట్టింది. ముందు పిచ్చుకలు వచ్చినాయి. వాటి వెనకాలే గువ్వలు, గోరింకలు, చివరికి అడవి దిక్కు నుంచి చిలకలూ దిగినాయి.

పిట్టలైనా మెస్సు మెస్సే. ముక్కుతో కరుచుకొని ఎగిరే కాకిని చూసి, "పార్సిలు లేదు! ఇక్కడే తిను!" అని అరిచేది. తోసుకొచ్చే గోరింకను, "ఏందయ్యా తొందర? నీ బస్సు పోతాందా?" అని అదిలించేది.

ఒకనాడు ఒక గువ్వ ఈకలు ఉబ్బించుకొని, కండ్లు మూసుకొని మూకుడు పక్కనే కూర్చుంది. దగ్గరికి పోయినా ఎగరలేదు. దుర్గాదేవి వెంటనే పశువుల ఆసుపత్రిలో పనిచేసే వెస్లీని పిలిపించింది. అతను గువ్వను ఆసుపత్రికి తీసుకుపోవడానికి బుట్టలో పెట్టి, మూకుళ్ల చుట్టూ రెట్టలు, ముక్కిపోయిన నూకలు చూసినాడు.

"అత్తా, అన్నీ ఒకేచోట తింటే ఒకదాని రోగం ఇంకోదానికి అంటుకుంటది. కొన్నాళ్లు మేత ఆపు, తలా ఒక దిక్కు పోతాయి. మూకుళ్లు బ్లీచింగు నీళ్లతో తోమి ఎండబెట్టు. మళ్లీ పెట్టేటప్పుడు దూరం దూరంగా, కొంచెం కొంచెం పెట్టు. నీళ్లు రోజూ మార్చు."

"నా మెస్సులో తిని ఒక్కరికీ కడుపునొప్పి రాలేదు వెస్లీ!" అంటూ ఆమె కండ్లు ఒత్తుకుంది. అయినా మూకుళ్లు తోమి బోర్లించి, గోడ మీది పిట్టలకు, "మెస్సు సెలవు" అని చెప్పింది.

అవి నేరుగా పక్కింటి మిద్దె మీద ఆరబోసిన సజ్జల మీద వాలినాయి. ఆ ఇంటి వెంకటేశ్వర్లు లబలబలాడుతూ వచ్చినాడు.

"అక్కా, నీ కస్టమర్లు నా కొంప ముంచుతాండారు. పాత చీర ఒకటియ్యి, దిష్టిబొమ్మకు కడతా."

రోజూ మేత పెట్టేటప్పుడు కట్టుకునే పచ్చ నూలు చీర ఇచ్చింది. తెల్లారేసరికి వెంకటేశ్వర్లు మళ్లీ గుమ్మంలో నిలబడినాడు.

"అక్కా, బెదరడం పోయి దాని చుట్టూ చేరి మేత కోసం ఎదురుచూస్తాండాయి!"

దుర్గాదేవి మిద్దెక్కింది. కొత్త చీరలో ఉన్న ఆమెను చూసి పిట్టలన్నీ బెదిరి, గడ్డిబొమ్మ భుజాల మీదికి చేరినాయి.

"పెట్టింది నేను గదే! ఆ గడ్డిముండ ఏం పెట్టింది మీకు?"

ఆమెకు ఏడుపొచ్చింది. బొమ్మ ఒంటిమీది చీర లాగి తన చీర మీదే చుట్టుకొని, గడ్డి రాలుతుంటే విసవిసా వీధిలోకి దిగింది. నెత్తి మీద పిట్టలు గుంపుగా వెంటబడినాయి. బండి మీద వస్తున్న వెస్లీ కాలు కింద పెట్టి నోరు తెరిచినాడు.

"సెలవు అయిపోయిందా లేదా చెప్పు వెస్లీ!"

"ఇంకా లేదత్తా."

"విన్నారు గదా?" అని ఆమె పైకి చూసి గద్దించింది. ఇంటికి పోయి చీర పెట్టెలో పెట్టి తాళమేసింది. పిట్టలు చెదిరిపోయినాయి. పెరడు మూగబోయింది, దుర్గాదేవికి అన్నం సయించలేదు.

వెస్లీ సరేనన్నాక, కడిగిన మూకుళ్లు దూరం దూరంగా పెట్టి, పచ్చ చీర కట్టుకొని కూర్చుంది. ముందు ఒక పిచ్చుక వచ్చింది. తర్వాత రెండు గువ్వలు. "రాండి నాయనా, వేడిగా లేదు, తినండి" అంది. ఆ తర్వాత ఏ పెండ్లికి పిలిచినా, పిట్టలు గుర్తుపట్టవేమోనని పట్టుచీర మీద ఆ పచ్చ చీరే చుట్టుకొని పోయేది.

వెంకటేశ్వర్లు తన సొంత చొక్కా, లుంగీతో ఇంకో బొమ్మ కట్టినాడు. ఒక్క పిట్టా మిద్దె ఛాయలకు రాలేదు. సజ్జలు దక్కినందుకు సంతోషపడక, గోడ మీదుగా రోజూ అదే అడుగుతాడు:

"ఏందక్కా, నేనంత భయంకరంగా ఉంటానా?"