బెల్లం లేని పప్పుచారు

అన్నం పెట్టిన చేతికి వంక పెట్టడం గురవయ్యకు తెలియదు. అది మంచితనమని ఊళ్ళో అనుకుంటారు. నిజానికి అందులో సగం మంచితనం, సగం నోరు విప్పడానికి బద్ధకం. తర్లుపాడు దగ్గర నాలుగెకరాల కందిచేను, ముప్పై ఎనిమిదేళ్ళ కాపురం. ఇన్నేళ్ళూ భార్య యల్లమ్మ ఏం వండితే అది తలొంచుకుని తిన్నాడు.

కూతురు ఉషారాణికి రెండో కాన్పని యల్లమ్మ రెండు నెలలకు కనిగిరి వెళ్ళింది. వెళ్ళిన మర్నాడే మొగుడికి ఫోనులో పప్పుచారు నేర్పింది.

"పిడికెడు కందిపప్పు ఉడికించి, పలుకు లేకుండా మెదపాల. నిమ్మకాయంత చింతపండు, ఉసిరికాయంత బెల్లం. కారం చిటికెడే. ఇంటన్నావా?"

విన్నాడు. బడిపిల్లవాడు ఎక్కం అప్పజెప్పినట్టు వారం రోజులు అలాగే కాచాడు. ఎనిమిదో రోజు చూస్తే బెల్లం డబ్బా నిండా చీమలు. ఆ ఎండలో దుకాణం దాకా ఎవరు పోతారని బెల్లం మానేశాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయాడు. అరవై రెండేళ్ళు వచ్చాక, తన నాలుకకు ఏం కావాలో అప్పుడు తెలిసింది.

ఇక ఆయన్ను పట్టేవాళ్ళు లేరు. నాలుగు ఎండుమిరపకాయలు కాల్చి నలిపి వేశాడు. వెల్లుల్లి పొట్టుతోనే దంచాడు. పప్పు మెదపకుండా పలుకులుగా వదిలేశాడు. ఒకరోజు పులుపెక్కువై పళ్ళు పులిశాయి, ఇంకోరోజు కారానికి కళ్ళనీళ్ళు కారాయి. నెల తిరిగేసరికి తన చారు తనకు కుదిరింది. రెండు పూటలా అదే తిన్నాడు.

సంతోషం వెనకే బెంగ మొదలైంది. యల్లమ్మ వస్తే ఏం చెప్పాలి? ఇన్నాళ్ళూ నీ చారు నాకు నచ్చలేదంటే ఆమె మనసేమవుతుంది? చెప్పకపోతే మళ్ళీ ఆ తీపి చారే గతి. ఆలోచించి ఆలోచించి, ఆమె వచ్చే శుక్రవారం బెల్లం వేసే కాచి, నోరు మూసుకుని ఉందామని తీర్మానించుకున్నాడు.

యల్లమ్మ గురువారం మధ్యాహ్నమే ఆటో దిగింది. ఆకలి మీదుందేమో, సంచి పక్కన పడేసి, గిన్నెలో ఉన్న చారే అన్నంలో పోసుకుంది. గురవయ్య గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. భయపడ్డాడు, దాచడమెందుకు.

రెండు ముద్దలు తిని ఆమె తలెత్తింది.

"ఏందయ్యా, బెల్లం ఎయ్యలేదా?"

"చీమలు పట్టినాయి."

"పప్పు గూడా చీమలే మెదపనియ్యలేదా?"

ఇక తప్పించుకునే దారి లేదు.

"నాకు ఇట్లనే బాగుంది యల్లమ్మా. నీ వంటకు వంక పెట్టడం కాదు."

ఆమె గిన్నె దగ్గరికి లాక్కుంది. ఇంకో గరిటె పోసుకుంది. విస్తరాకు తుడిచినట్టు కంచం ఖాళీ చేసి, అప్పుడు నోరు విప్పింది.

"నాకు మాత్రం ఆ తీపి చారు ఎప్పుడు నచ్చింది? పళ్ళూడినాక మీ అమ్మకు కారం పడకపోతే ఆమె కోసం మొదలుపెట్టినాను. ఆమె పోయినాక మానేద్దామనుకున్నా. నువ్వేమో మారు మాట్లాడకుండా తింటాంటివి. అమ్మ తిన్న చారని తింటన్నావు, మానేస్తే బాధపడతావని ఉంచినా."

"నీ నాలుక అట్ల మారిందేమో అనుకున్నా నేను."

"అత్తమ్మ పోయి పన్నెండేళ్ళాయె. ఒక్కమాట అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"నువ్వు గూడా అడగలేదు గదా," అన్నాడు గురవయ్య మెల్లగా.

యల్లమ్మకు కోపమూ నవ్వూ కలిసే వచ్చాయి. పోయిన మనిషికి పన్నెండేళ్ళు చారు కాచి, తామిద్దరూ ఒకరి కోసం ఒకరు మింగారు. కొంగుతో కళ్ళు తుడుచుకుని మొగుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"సరే. ఇంకా ఏమేమి నచ్చకుండా తింటన్నావో ఒక్కొక్కటే చెప్పు."

గురవయ్య ఒక వేలు మడిచాడు.

"మజ్జిగలో అల్లం."

"అదీ మీ అమ్మ కోసమే ఏసింది," అంది యల్లమ్మ. "ఇంకా చెప్పు."