పదో మనిషి

మొన్న మధ్యాహ్నం అన్నం తిని ఇలా నడుం వాల్చానో లేదో, పట్నం నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసింది. ఆడా మగా అన్న లెక్కల్లో ఇమడలేక నలిగిపోయే పిల్లల కోసం వాళ్లొక సంస్థ నడుపుతున్నారట, వచ్చే నెల ఒక సభ పెట్టుకుని అన్ని మతాల పెద్దలనూ పిలుస్తున్నారట. నేను రిటైరైన బళ్లో ఎవరో నా నంబరిచ్చి, ఈమె యూదుల ఇంటి మనిషి అని చెప్పారట. "మేడం, మీ దగ్గర ఇట్లాంటి పిల్లలకు పెద్దవాళ్లు ఎట్ల అండగ ఉంటరో ఒక పది నిమిషాలు చెప్తే చాలు" అన్నది. మోకాళ్ల నొప్పులమ్మా, బస్సెక్కలేను అని తప్పించుకున్నాను. నొప్పులు నిజమే గానీ, మొయినాబాద్ నుంచి మెహదీపట్నం దాకా ఇప్పటికీ నిలబడి వెళ్లగలను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు, అదీ అసలు సంగతి.

చేవెళ్లకూ మొయినాబాద్‌కూ నడుమ యూదులేమిటని మీరు నవ్వుకోవచ్చు, నా ఈడు వాళ్లు చాలామంది నవ్వారు కూడా. మా మామగారు ఏళ్ల తరబడి చర్చిలో సంఘపెద్దగా ఉన్న మనిషి. పాత నిబంధన చదివీ చదివీ, మనం ఇశ్రాయేలు సంతతివాళ్లమే, ఆదివారం మనది కాదు, శనివారమే మనది అని ఒకనాడు తేల్చేశారు. ఆయన వెంట ఏడెనిమిది ఇళ్లవాళ్లం నడిచాం. ఊళ్లో మాకు శనివారపోళ్లని పేరు పడింది. అప్పుడు నేను చేవెళ్లలో కొత్తగా చేరిన పంతులమ్మను. శనివారం వస్తే సెలవు చీటీతో నిలబడే నన్ను చూసి మా హెడ్మాస్టరు, మీ దేవునికి హాజరు పట్టీ సంగతి ఎరుక లేదా టీచరమ్మా అని ఆటపట్టిస్తూనే సంతకం పెట్టేవాడు, పాపం మంచివాడు. రోడ్డు పక్కన రెండు గదుల రేకుల షెడ్డు మా ప్రార్థన ఇల్లు. మధ్యలో పూల తెర, ముందు మగవాళ్లు, వెనక మేము. ఆ రేకుల కింద చెమటలు కక్కుతూ కూర్చున్న రోజుల్లో ఉన్నంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ లేదు.

మాకొక కట్టుబాటు ఉండేది. పదమూడేళ్లు నిండిన మగవాళ్లు పదిమంది ఉంటేనే కొన్ని ప్రార్థనలు చేయాలి, ముఖ్యంగా చనిపోయినవారి కోసం పదకొండు నెలల పాటు చేసేది. ఆడవాళ్లం ఇరవై మందిమి ఉన్నా లెక్కలోకి రాము. మనుషులను ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం కూడా మాలో తప్పే, అందుకని మావారు పది మాటలున్న ఒక వాక్యం చదువుతూ మనిషికో మాట చొప్పున వేలు చూపించేవారు. మొదట్లో మాటలు అయిపోయి మనుషులు మిగిలేవారు. తర్వాత చుట్టుపక్కల ఫ్యాక్టరీలు వచ్చాయి, మా కుర్రవాళ్లకు ఉద్యోగాలు దొరికాయి, దొరక్క దొరికిన కొలువులో శనివారం షిఫ్టు వద్దనే ధైర్యం ఎవరికుంటుంది. మామగారు పోయిన ఏడు, మనుషులు అయిపోయి ఒక మాట మిగిలింది.

మా మరిదికి ఒక్కటే సంతానం. అందరం కొడుకనే అనుకున్నాం, కొడుకు పేరే పెట్టుకున్నాం. పసితనం నుంచి తెర వెనక నా పక్కనే కూర్చునేది. పదమూడు నిండబోతుండగా ఒకనాడు, నేను బట్టలు మడతపెడుతుంటే వచ్చి, "పెద్దమ్మా, నేను ఆడిపిల్లనే. నాకు చిన్నప్పటిసంది ఎరుకే. నీకే చెప్తున్న, బాపుకు చెప్పకు" అన్నది. ఏడవలేదు, తడబడలేదు. నేను నమ్మాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు. నమ్మలేదు కాబట్టి అలా చేశానంటే నా మీద నాకు కాస్త జాలైనా కలిగేది. నమ్మాను గానీ, తండ్రికి ప్రార్థన జరగడం లేదన్న బెంగతో మావారు సగమైపోవడం కూడా చూస్తున్నాను. "శనివారం ఒక్క పూట మగపిల్లగాని లెక్క నిలబడు బిడ్డా, పదకొండు నెలలే, తాత కోసం" అన్నాను. అయినంక అని అడిగింది. అయినంక నీ ఇష్టం అన్నాను.

చెవులు దాటి పెంచుకున్న జుట్టు తీయించడానికి మొయినాబాద్‌లో మంగలి షాపుకు నేనే తీసుకెళ్లాను. కుర్చీలో ఆసాంతం కళ్లు మూసుకునే కూర్చుంది. పదమూడు నిండాక వచ్చిన మొదటి శనివారం, నెత్తిన టోపీ పెట్టి, ప్రార్థన శాలువా కప్పి తెర అవతలికి పంపాను. మావారి వేలు చివరి మాటకు ఆమె దగ్గర ఆగినప్పుడు షెడ్డులో అందరి ముఖాలూ విచ్చుకున్నాయి. తల్లి, అంటే మా తోడికోడలు, సంతోషం పట్టలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ సంతోషించాను, అబద్ధం ఎందుకు.

పదకొండు నెలలూ గడిచాయి. ఆలోగా, మంచాన పడి షెడ్డుకు రాలేని ఇంకో పెద్దాయన పోయాడు, మళ్లీ పదకొండు నెలలు. ఆ తర్వాత ఎవరూ పోకపోయినా అందరికీ అలవాటైపోయింది. నేనిచ్చిన మాట ఆమె గుర్తు చేయలేదు, నేనూ ఎత్తలేదు. పిల్లకు తిండి తగ్గింది, మాట తగ్గింది, కాలేజీకి పోతున్నానని చెప్పి బస్టాండులో కూర్చుంటోందని తెలిసింది. దవాఖానకు తీసుకెళ్తే రక్తం తక్కువని మందులిచ్చారు. నాకు తెలిసిన కారణం నేను చెప్పలేదు. పదిహేడో ఏట, ఇంటర్ పరీక్షలకు ముందు, ఒక శుక్రవారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లిపోయింది. మర్నాడు షెడ్డులో, ఇప్పుడు పదో మనిషిని ఎక్కణ్నుంచి తేవాలన్న మాటే నడిచింది. మా మరిది ఆనాటి నుంచి ఆ పిల్ల ఊసెత్తలేదు.

రెండేళ్లకు ఒక శుక్రవారం పొద్దు వాలుతుండగా నాకు ఫోన్ చేసింది. తనలాంటి వాళ్లు నలుగురితో కలిసి కిరాయి గదిలో ఉంటోందట. మా గ్రంథంలోని ఒక తల్లి పేరు పెట్టుకుందట. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపాలు వెలిగించి విశ్రాంతి దినాన్ని ఇంట్లోకి పిలవడం మాలో ఆడవాళ్ల పని. "పెద్దమ్మా, దీపాలు నేను ముట్టియ్యొచ్చా? నేను ముట్టిస్తే చెల్లుతదా?" అని అడిగింది. అంత దూరం పోయి, అన్నీ పోగొట్టుకుని, ఇంకా మా మనిషిగానే ఉండాలనుకుంటోంది, అందుకు నా అనుమతి అడుగుతోంది. నేనేమన్నానో తెలుసా, "మీ పెద్దబాపును అడిగి చెప్తా" అన్నాను. "సరే పెద్దమ్మా, అడుగు, నేను ఆగుత" అన్నది.

అడగలేదు. వచ్చే వారం, వచ్చే వారం అనుకుంటూ నెలలు జరిపేశాను. తీరా గుండె దిటవు చేసుకుని ఫోన్ చేస్తే ఆ నంబరు పనిచేయడం లేదు. మావారు పోయి నాలుగేళ్లు. ఆయన కోసం ప్రార్థన జరగలేదు, పదిమంది ఎక్కడున్నారు, ఉన్న ముగ్గురు నలుగురూ ముఖాలు చాటేసి ఆదివారం చర్చికే మళ్లిపోయారు. షెడ్డుకు తాళం పడింది. దాని వెనకాల వెలసిన ఫామ్‌హౌసులో శనివారం వచ్చిందంటే పాటలూ చిందులూ.

ఇప్పటి పిల్లలు ఇవన్నీ మైకుల్లో మాట్లాడుకుంటున్నారు, సభలు పెట్టుకుంటున్నారు, కాలం మారింది. మా కాలంలో ఇలాంటి వాటికి మాటలే లేవని సరిపెట్టుకుందామని చూస్తాను, కుదరదు. చెల్లుతుంది బిడ్డా, ముట్టించుకో అనడానికి పదిమంది మగవాళ్లు అక్కర్లేదు, నేనొక్కదాన్ని చాలేది. ఆ పిల్ల ఎక్కడున్నదో, అసలు ఉన్నదో లేదో నాకు తెలియదు. నేను చెప్పేదాకా ఆగుతానన్నది.