వంగిన ముల్లు

శేషారత్నం రేపల్లె పుట్టింటినుంచి తెచ్చుకున్న సారెలో ఒక భయం కూడా ఉంది. ఉత్తరానికి తలపెట్టి పడుకుంటే ఆయుష్షు తరుగుతుంది, భూమిలోని అయస్కాంతం లాగేస్తుంది. తెనాలిలో కాపురానికి వచ్చిన నాడే మంచం తిప్పించింది. పెళ్లివారి విడిదిలోనైనా దిక్కు చూసుకునిగాని చాప పరిచేది కాదు.

"పోయాక ఎటు పెడతారో చూసే పని నాకుండదులే రత్నం" అని భర్త రంగనాయకులు నవ్వేవాడు.

ఎనభయ్యో దశకం చివర ఆయనకు గుండెజబ్బు పట్టుకుంది. పడుకుంటే ఆయాసం. ఆ నవ్వు తగ్గిపోయింది.

అప్పుడే ఆమె బాపట్ల వెళితే, అక్కడ ఫిజిక్సు చెప్పే తమ్ముడు పురుషోత్తం కాలేజీ చూపించాడు. బల్లమీద ఒక అయస్కాంతపు ముల్లు, తక్కెడ కాడలా పైకీ కిందికీ ఊగుతోంది.

"చూడక్కా, ఉత్తరపు కొన నేలకేసి వంగింది. తిరునల్వేలి దాపుల్లో అయితే బల్లపరుపుగా నిలుస్తుంది. భూమి అయస్కాంతానికి అది మధ్యరేఖ. ఆ రేఖ దక్షిణానికి జరుగుతోంది. అది జరిగేకొద్దీ ఇక్కడ ముల్లు ఇంకా వంగుతుంది."

"ఏంట్రా, భూమి మొలతాడు జారుతోందా?"

"జారినా మన జన్మకి వెంట్రుకవాసే. నువ్వు బెంగపెట్టుకోకు!"

ఆ వెంట్రుకవాసి ఆమె చెవికెక్కలేదు. దిక్కు సరిపోతే చాలనుకుంది ఇన్నాళ్లూ. వాలు సంగతి ఎవరూ చెప్పలేదే! ఆయన కాళ్లు ఉత్తరానికే ఉన్నాయి. ఆ లాగుడు కాళ్లలోంచి ప్రాణాన్ని దించేస్తోందేమో.

ఇంటికి రాగానే కాళ్లవైపు మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టింది.

"ఏంటే, నన్ను తలకిందులుగా వేలాడదీస్తావా?"

"ఓర్చుకోండి. మీ మంచికేనండి."

ఆ మధ్యాహ్నమే భోంచేసి అలా ఒరిగాడో లేదో, ఆయనకు ఊపిరందలేదు. పెదవులు నల్లబడ్డాయి. మెడకింద చెయ్యివేసి లేపి కూర్చోబెట్టి, వీధిలోకి వినబడేలా కేకవేసింది. పక్కింటివాళ్లు పిలుచుకొచ్చిన డాక్టరు సూది వేసి, ఊపిరి కాస్త కుదురుకున్నాక మంచంకేసి చూశాడు.

"ఎవరమ్మా ఈ ఇటుకలు పెట్టింది?"

"నేనేనండి."

"గుండె బలహీనపడ్డ మనిషికి కాళ్లెత్తితే ఊపిరాడుతుందా? అవి తీసి తలవైపు పెట్టండి."

తన చేతులతోనే మార్చింది. ఇప్పుడు తల ఎత్తు, కాళ్లు పల్లం. అచ్చం ఆ ముల్లులాగే ఆయన ఉత్తరానికి వాలి ఉన్నాడు. ఊపిరి మాత్రం సాఫీగా ఆడుతోంది. డాక్టరు చెప్పింది కళ్లు ఒప్పుకున్నాయి, గుండె ఒప్పుకోలేదు.

ఆ తరవాత ఆయన కొన్నేళ్లు బతికాడు. ఆయన కన్నంటినప్పుడల్లా ఆమె వచ్చి కాళ్లదగ్గర కూర్చుని, రెండు పాదాలకీ తన అరచేతులు అడ్డంపెట్టేది.

"ఇంకా ఉన్నానటే?" అనేవాడు లేచి.

"ఉన్నారండి" అనేదేగాని, చేతులు మాత్రం వెంటనే తీసేది కాదు.